పేపరు కంటే ముందే తెల్లారింది

నేను తెలుగు చదవడం బెల్లం పొట్లాల మీద నేర్చుకున్నాను. పూర్ణా మార్కెట్‌కి వెళ్ళే సందుల్లో ఒకదాంట్లో మా నాన్నకి పచారీ కొట్టు ఉండేది. అనకాపల్లి బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఏది కొన్నా పాత పేపర్లో చుట్టి ఇచ్చేవాడు. బడి నుంచి వచ్చాక ఆ పేపర్లని సమంగా చించి దొంతర పెట్టడం నా పని. చించే ముందు చదివేవాణ్ణి. చించాక కూడా చదివేవాణ్ణి. అందుకే చిన్నప్పుడు నాకు తెలిసిన వార్తలన్నీ సగం సగమే. ఒక ముక్కలో మంత్రిగారు ఎవరినో గట్టిగా హెచ్చరించేవారు. ఎవరిని, ఎందుకు అన్నది ఇంకో ముక్కలో ఉండేది. అది అప్పటికే పావుకేజీ శనగపప్పుతో అల్లిపురం వెళ్ళిపోయేది.

ఇప్పుడు ఆ పొట్లాలు లేవు. అచ్చుసిరాలో ఉండే రసాయనాలు తిండిలోకి దిగుతాయి కాబట్టి పేపర్లో ఆహారం చుట్టొద్దని 2016 డిసెంబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ హెచ్చరించింది. 2018 నిబంధనల్లో నిషేధమే పెట్టింది. ఈ సంగతి మొదట వాట్సాప్‌లో వచ్చినప్పుడు నాన్న "ఎవడో కవర్ల కంపెనీవాడు పుట్టించుంటాడు" అని తీసిపారేశాడు. పేపర్లో పడ్డాక నమ్మాడు. పేపర్లో తిండి చుట్టొద్దన్న మాట కూడా ఆయనకి పేపరే చెప్పాల్సి వచ్చింది.

ఈ కథ చెప్పి చాలాసార్లు నలుగురిలో నవ్వించాను. అందరూ నవ్వేవారు, ఎందుకంటే అందరిళ్ళలోనూ ఇలాంటి నాన్న ఒకడు ఉన్నాడు. ఫోను చేతికి రాదు, వచ్చాక వదలడు, వచ్చిన ప్రతి ఫార్వర్డూ నమ్ముతాడు, నమ్మాల్సింది మాత్రం నమ్మడు. దీనికి లెక్కలు కూడా ఉన్నాయి. 2016 అమెరికా ఎన్నికల సమయంలో ఫేస్‌బుక్‌లో ఎవరు ఏం పంచుకున్నారో పరిశీలించి 2019లో ఒక అధ్యయనం వెలువడింది. అరవై ఐదు దాటినవాళ్ళు కుర్రవాళ్ళకంటే దాదాపు 7 రెట్లు ఎక్కువ తప్పుడు వార్తల లింకులు పంచుకున్నారని అందులో తేలింది. అదే అధ్యయనం ఇంకో మాట కూడా చెప్పింది. అన్ని వయసులవాళ్ళనీ కలిపి చూస్తే అసలు అలాంటివి పంచుకున్నవాళ్ళే తక్కువ, నూటికి పది మంది కూడా లేరు. ఈ రెండో మాట మనం ఎక్కువగా గుర్తుపెట్టుకోం.

2020 మేలో ఒక రాత్రి తర్వాత నేను ఆ పొట్లం జోకు చెప్పడం మానేశాను. ఆ రాత్రి గురించి రాయాలంటే ముందు ఇంకో రెండు రోజుల గురించి చెప్పాలి. నాకు తెలిసి ఈ ఊరు వార్త విని ఇల్లు వదిలి పరిగెత్తింది మూడుసార్లు. మా ఇంట్లో మూడు తరాలకీ తలా ఒకటి వచ్చింది.

*

మొదటిది తాతయ్యది. 1942 ఏప్రిల్ 5, ఈస్టరు ఆదివారం నాడు జపాను విమానాలు కొలంబో మీద దాడి చేశాయి. మర్నాడు, అంటే 6వ తేదీన, ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు కాకినాడ మీదా విశాఖపట్నం మీదా బాంబులు వేశాయి. ఆనాటి బాంబు ఒకటి ఇప్పటికీ బీచ్‌రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది. బడిపిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతుంటారు.

అప్పటికి తాతయ్యకి పదిహేడేళ్ళు. వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్లో పనికుర్రాడు. చప్పుడు విన్నాడు, రేవు వైపు పొగ చూశాడు. ఆ తర్వాత విన్న మాటే ఆయన్ని నడిపించింది: "జపానోళ్ళు రేవులో దిగిపోయేరు." వాళ్ళమ్మని తీసుకుని, ఒక బిందె, రెండు దుప్పట్లు పట్టుకుని ఆనందపురం దాటి నడిచారు. ఊరు చాలావరకు అలాగే ఖాళీ అయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరుకి తరలిపోయి, యుద్ధం అయ్యాక గానీ తిరిగి రాలేదు.

జపాను సైనికుడెవడూ విశాఖ రేవులో దిగలేదు. "మరి దిగారని ఎవరు చెప్పారు తాతా?" అని అడిగేవాణ్ణి. "అందరూ చెప్పేరు" అనేవాడు. అందరూ అంటే ఎవరని అడిగితే చిరాకు పడేవాడు. ఆ రోజుల్లో నిజం తెలుసుకోవాలంటే ఏం ఉంది? తెలుగు దినపత్రికలంటే మద్రాసు నుంచి రావాలి. 1914 నుంచి ఆంధ్రపత్రిక, 1938 నుంచి ఆంధ్రప్రభ అక్కడే అచ్చవుతున్నాయి. రైల్లో వచ్చేసరికి వార్త పాతబడేది. పైగా యుద్ధకాలం, ఏది రాయొచ్చో ఏది రాయకూడదో సర్కారు చెప్పేది. వచ్చిన పేపరుని తాతయ్య చదవలేడు కూడా. వన్‌టౌన్‌లో హిందూ రీడింగ్ రూమ్ లాంటివి అప్పటికే ఉన్నాయి గానీ, వాటి మెట్లెక్కేది చదువుకున్న బాబులు. కొట్లో కుర్రాడికి వార్త అంటే ఎవరో ఒకరి నోరు.

తర్వాతి కాలంలో తాతయ్య పూర్ణా మార్కెట్ దగ్గర కొట్టు పెట్టాడు, రేడియో కొన్నాడు. విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం 1963 ఆగస్టు 4న మొదలైంది. ఢిల్లీ నుంచి అద్దంకి మన్నార్ లాంటివాళ్ళు చదివే తెలుగు వార్తలు ఆయనకి వేదం. అక్షరం రానివాడికి మధ్యవర్తి లేకుండా నేరుగా వార్త అందడం అదే మొదలు. ఆ తర్వాత ఎవరేం చెప్పినా ఆయన అడిగే ప్రశ్న ఒకటే: "రేడియోలో సెప్పేరా?"

*

నాన్న తరం ప్రశ్న వేరు. అది 1974 ఆగస్టు 10న మొదలైందని చెప్పొచ్చు. ఆ రోజు విశాఖ శివారు నక్కవానిపాలెం నుంచి రామోజీరావు 'ఈనాడు' మొదలుపెట్టారు. ఏబీకే ప్రసాద్ సంపాదకుడు. మొదట్లో వేసింది దాదాపు 3,000 కాపీలు. అప్పటిదాకా మన ఊరికి పేపరు అంటే విజయవాడ నుంచి వచ్చేది. మూడువందల యాభై కిలోమీటర్లు రైల్లో వచ్చి, ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం అయ్యేది. అన్నం తిని పడుకునే ముందు నిన్నటి లోకాన్ని చదువుకునేవారు. కొత్త పేపరు తెల్లవారుజామునే గుమ్మంలో పడింది. పేరు కూడా అదే చెబుతోంది.

నాన్నకి అప్పుడు ఇరవై నాలుగు. "పాలవాడికంటే ముందు పేపరు కుర్రాడొచ్చేవాడు" అని ఇప్పటికీ ఆశ్చర్యంగానే చెబుతాడు. తాతయ్యకి మాత్రం నచ్చలేదు. పొద్దున్నే పేపరు పట్టుకుని కూర్చుంటే కొట్టు ఎవరు తీస్తారని గొడవ. ఇప్పుడు మా నాన్న మా అన్నయ్య కూతుర్ని "పొద్దున్నే ఫోనేంటే" అని అరిచినప్పుడు నాకు తాతయ్య గొంతే వినిపిస్తుంది. నాన్నకి వినిపించదు.

ఆ గొడవకి మందు దొరికింది. నాన్న పేపరుని కొట్టుకే తెచ్చి చదవడం మొదలుపెట్టాడు, పైకి. 1971 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులు నూటికి పాతిక మంది కూడా లేరు. మార్కెట్లో ఆ పాతికలో సగం కూడా ఉండి ఉండరు. కూరగాయలమ్మే ఆడవాళ్ళు బేరం లేనప్పుడు కొట్టు మెట్ల దగ్గరికి వచ్చి "ఏటి బాబూ, పేపర్లో ఏటి రాసేడు?" అని అడిగేవారు. నాన్న చదివేవాడు. అన్నీ చదివేవాడు కాదు. ధరలు, వానలు, ఎన్నికలు, సినిమాలు. హత్యలు చదివితే జనం గుమిగూడతారని అవి వదిలేసేవాడు. ఇవాళ ఏ వార్త మనకి కనపడాలో ఫోను లోపలి లెక్కలు తేలుస్తున్నాయని వాపోతుంటాం. మా మెట్ల మీద ఆ పని మా నాన్న చేసేవాడు. తేడా ఏంటంటే "మొన్న ఆ కేసు ఏటయ్యింది?" అని ఆయన్ని నిలదీసి అడగొచ్చు.

1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు వేసింది, తర్వాత మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. ఇక మన వీధి కుళాయి, మన మార్కెట్లో మురుగుకాలువ కూడా అచ్చులోకి ఎక్కాయి. నాన్నకి పేపరు మీద నమ్మకం కుదిరింది అప్పుడే అనుకుంటాను. ఢిల్లీ సంగతి నిజమో కాదో ఆయన చూడలేడు. కాలువ పొంగిందని రాస్తే మెట్లు దిగి చూసుకోవచ్చు. నాలుగుసార్లు చూసి సరిపోయాక, చూడలేనివాటిని కూడా నమ్మాడు. "పేపర్లో పడిందా?" అన్న ప్రశ్న వెనక ఇంత లెక్క ఉంది. నేను చాలాకాలం దాన్ని మొండితనం అనుకున్నాను.

*

రెండోసారి ఊరు పరిగెత్తింది 1997 సెప్టెంబరు 14న. ఆదివారం. పొద్దున్న ఆరు దాటాక కిటికీలు దడదడలాడాయి. హిందుస్తాన్ పెట్రోలియం రిఫైనరీలో గ్యాస్ లీకై పేలింది. యాభై మందికి పైగా చనిపోయారు. మల్కాపురం, శ్రీహరిపురం వైపు జనం కట్టుబట్టలతో రోడ్డెక్కారు. రేవుకి ఇవతల ఉన్న మాకు మేడ ఎక్కితే నల్లటి పొగ కనిపించింది.

నాకు పద్నాలుగేళ్ళు. ఆ పొద్దున నాన్న చేసిన పని నాకు బాగా గుర్తు. అప్పటికే గుమ్మంలో పడి ఉన్న పేపరు తీసి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పాడు. అందులో ఏమీ ఉండదని ఆయనకి తెలుసు. అది రాత్రే అచ్చయిపోయింది. అయినా తిప్పాడు. తర్వాత రేడియో పెట్టాడు. టీవీ పెట్టాడు. తెలుగులో ఇరవై నాలుగు గంటల వార్తా చానెళ్ళు రావడానికి ఇంకా ఆరేళ్ళకు పైగా ఉంది. ఈటీవీ2, టీవీ9 వచ్చింది 2003 చివర్లో, 2004లో. ఆ ఆదివారం మాకు వార్త చెప్పింది వీధే. "ట్యాంకులన్నీ వరసగా అంటుకుంటాయట. వన్‌టౌన్ మిగలదట." ఆ 'అట'లు విని నాన్న కొట్టుకి తాళం వేసి, మమ్మల్నందర్నీ ఆటోలో ఎక్కించాడు. ఎక్కడికంటే, గోపాలపట్నంలో మా మేనత్త వాళ్ళింటికి. అది ఊరికి దూరం, భద్రం అని.

వన్‌టౌన్ మిగిలింది. మంటలు ఆరడానికి మాత్రం రోజులు పట్టింది. మర్నాడు పేపర్లో ఫొటోలు వచ్చాయి. తిరిగొచ్చాక నాన్న కొట్టు మెట్ల మీద చనిపోయినవాళ్ళ పేర్లు చదివాడు. హత్యలు చదవని మనిషి ఆ పేర్లు మాత్రం ఒక్కటీ వదలకుండా చదివాడు.

పుకారుని వాట్సాప్ కనిపెట్టలేదు. మనకి గాలివార్త అన్న మాట ఎప్పట్నుంచో ఉంది. సంఘటనకీ దాని నమ్మదగిన వార్తకీ మధ్య ఖాళీ ఉంటుంది. తాతయ్యకి ఆ ఖాళీ రోజుల తరబడి ఉంది, నాన్నకి ఇరవై నాలుగు గంటలు. ఆ ఖాళీలోకి భయం వచ్చి కూర్చుంటుంది. నా తరం వచ్చేసరికి ఆ ఖాళీ పూడిపోతుందనుకున్నాం.

*

మేం ఇంటర్నెట్‌కి తొందరగా అలవాటు పడ్డామని చెప్పుకుంటాం గానీ, తెలుగు ఇంటర్నెట్టే మాకు అలవాటు పడటానికి చాలా టైము తీసుకుంది. 2000 తర్వాత నెట్ సెంటర్లో గంటకింతని కట్టి తెలుగు పేపరు తెరిస్తే అర్థంకాని గీతలు వచ్చేవి. ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు. అది దించుకుని ఎక్కిస్తే తప్ప చదవలేం. నెట్ సెంటర్ యజమాని ఎక్కించనివ్వడు. నిజానికి 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకి చోటు ఉంది, వాడింది లేదు. పత్రికల సొంత ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి 'పద్మ' అనే ఉపకరణం తయారుచేసిన వెన్న నాగార్జునే, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకీ నాంది పలికాడు. మొదటి స్మార్ట్‌ఫోన్లలో తెలుగు అంటే ఖాళీ డబ్బాలు. ఒపేరా మినీలో ఒక సెట్టింగ్ మారిస్తే అక్షరాలు బొమ్మల్లా వచ్చేవి, ఆ చిట్కా ఒకరికొకరం రహస్యంలా చెప్పుకునేవాళ్ళం. 2018 ఫిబ్రవరిలో కూడా 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం మెసేజిలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ వాళ్ళు హడావిడిగా మరమ్మతు పంపించారు.

ఇదంతా ఎందుకంటే, 2010 ప్రాంతంలో నేను నాన్నకి మొదటి ఫోను కొనిచ్చి "నీకు రాదు నాన్నా" అన్నప్పుడు, ఆ ఫోనుకే తెలుగు రాదన్న సంగతి నాకు తట్టలేదు. ఆయన భాషే లేని యంత్రాన్ని ఆయన చేతిలో పెట్టి, నేర్చుకోలేదని నవ్వాను. యంత్రానికి తెలుగు వచ్చాక, 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక, ఆయన నేర్చుకోవడానికి పట్టింది రెండు వారాలు. చదువే రాని నాయనమ్మకి అంతకూడా పట్టలేదు. ఎప్పుడూ నాన్న చదివితే వినడమే తప్ప తనంతట తాను ఏదీ ఎంచుకోని మనిషి, మైకు బొమ్మ నొక్కి "తుపాను ఎక్కడికొచ్చిందో సూపించు" అనడం నేర్చుకుంది. తాతయ్యకి రేడియో ఇచ్చిందే ఆమెకి యూట్యూబ్ ఇచ్చింది. కాకపోతే అద్దంకి మన్నార్ ఎవరో ఆకాశవాణికి తెలుసు. ఈ గొంతులు ఎవరివో ఎవరికీ తెలీదు.

తుపాను అంటే గుర్తొచ్చింది. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. కరెంటు పోయింది, టవర్లు పడిపోయాయి. నాలాంటివాళ్ళం చచ్చిన ఫోన్లు పట్టుకుని జెనరేటర్ ఉన్నచోట డబ్బులిచ్చి చార్జింగ్ పెట్టించుకుంటే, సిగ్నల్ లేని ఫోనుకి చార్జింగ్ ఎందుకని నాన్న నవ్వాడు. అటక మీద నుంచి ట్రాన్సిస్టర్ దించి బ్యాటరీలు వేశాడు. మా మెట్ల దగ్గర మళ్ళీ జనం చేరారు. ఆ కొద్దిరోజులు మా వీధిలో అందరికంటే ఎక్కువ టెక్నాలజీ తెలిసిన మనిషి ఆయనే.

*

ఇక మూడోసారి. 2020 మే 7. లాక్‌డౌన్. కరోనా పేపరు మీద ఉంటుందని భయపడి మా వీధిలో చాలామంది పేపరు మానేశారు. నాన్న మానలేదు. రోజూ పొద్దున్నే దాన్ని ఇస్త్రీ పెట్టెతో ఒక రాపు రాపి చదివేవాడు.

ఆ రోజు తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ ఆవిరి లీకైంది. పన్నెండు మంది చనిపోయారు, వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. ఐదు కాకముందే మా అన్నయ్య కూతురు నన్ను లేపింది. దానికి పదిహేడేళ్ళు. చేతిలో ఫోను, అందులో రోడ్డు మీద పడిపోతున్న మనుషుల వీడియో. నేను అడిగిన మొదటి మాట, "ఇది ఎక్కడిదో పాత వీడియో కాదు కదా?" అది అప్పటికే చూసింది. "వెనకాల గోపాలపట్నం బోర్డు ఉంది బాబాయ్. ఇంకో ఇద్దరు వేరే వైపు నుంచి తీసినవి కూడా ఉన్నాయి." నేను టీవీ పెట్టేలోపు అది అత్తకి ఫోన్ చేసింది. ఆరుసార్లు మోగాక అత్త ఎత్తింది. నిద్రలో ఉంది. కొడుకు బండి మీద సింహాచలం వైపు వెళ్ళిపోయారు.

ఆరింటికి పేపరొచ్చింది. నాన్న దాన్ని ఇస్త్రీ చెయ్యలేదు, 1997లో లాగా మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పాడు. కరోనా లెక్కలు ఉన్నాయి. మన ఊరు లేదు. 1974లో తెల్లారేసరికి గుమ్మంలో పడటమే ఆ పేపరు గొప్ప. ఆ పొద్దున మాత్రం పేపరు కంటే ముందే తెల్లారిపోయింది.

అంతవరకు ఇది నా తరం, నా తర్వాతి తరం గెలిచిన కథ. సాయంత్రానికి వాసన తగ్గిందని అత్తావాళ్ళు ఇంటికి వచ్చేశారు. రాత్రి పదకొండు దాటాక గ్రూపుల్లో మళ్ళీ మొదలైంది. ఫ్యాక్టరీ దగ్గర్లోని వాళ్ళని ముందుజాగ్రత్తగా దూరం జరగమంటున్నారన్న మాట మా దాకా వచ్చేసరికి ఇలా మారింది: "ట్యాంకు పేలబోతోంది, పది కిలోమీటర్ల దాకా ఖాళీ చెయ్యాలి, వెంటనే పారిపోండి." అర్ధరాత్రి జనం కుటుంబాలతో రోడ్ల మీదికి వచ్చేశారు.

ఆ మెసేజి మీద రెండు బాణాల గుర్తు ఉంది, చాలా చేతులు మారిందని. సరిగ్గా నెల ముందే, అలాంటి మెసేజిని ఒకసారికి ఒక్కరికే పంపగలిగేలా వాట్సాప్ కట్టడి పెట్టింది. అంతకుముందు 2018లో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళన్న పుకార్లతో మనుషుల్ని కొట్టి చంపిన తర్వాత, మన దేశంలో ఐదుగురికి మించి పంపకుండా చేసింది. ఈ సంగతులన్నీ నాకు తెలుసు. వీటి గురించి నలుగురికీ చెప్పేవాణ్ణి కూడా. ఆ రాత్రి నేను చేసిందేంటంటే, ఒక్కొక్కరికీ ఫార్వర్డ్ చెయ్యడం ఆలస్యమవుతుందని ఆ మాటల్ని కాపీ చేసి, విడివిడిగా అతికించి తొమ్మిది మందికి పంపాను. అలా పంపితే బాణాల గుర్తు రాదు. నేను రాసినట్టే ఉంటుంది.

అత్తకి అరవై ఎనిమిదేళ్ళు. వాళ్ళకీ ఆ మెసేజి వేరేవాళ్ళ నుంచి అప్పటికి మూడుసార్లు వచ్చింది, పట్టించుకోలేదు. నాది చూసి లేచింది. వీధిలైట్లు లేవు, చీకట్లో మెట్లు దిగుతూ పడింది. కుడి మణికట్టు విరిగింది. లాక్‌డౌన్‌లో, ఆ గందరగోళంలో, కట్టు కట్టించేసరికి మధ్యాహ్నం అయింది. ట్యాంకు పేలలేదు.

మర్నాడు నాన్నకి చెప్పాను. ఆయన తిట్టలేదు. "అది నాకూ వచ్చిందిరా" అన్నాడు.

"మరి?"

"ఎవరికీ పంపలేదు. ఊరి పేరుందా? తారీఖుందా? ఎవరు చెప్పారో ఉందా? తొంభై ఏడులో కూడా ఇలాగే చెప్పారు, ఆటో కట్టించి మిమ్మల్నందర్నీ దాని ఇంటికే పట్టుకుపోయాను."

నలభై ఆరేళ్ళు రోజూ పేపరు చదివిన మనిషికి, ప్రతి వార్త మొదట్లో ఊరూ తేదీ ఉండటం కంటికి అలవాటు. అవి లేని మాట ఆయనకి వార్తలా కనపడలేదు. తెలివైనవాణ్ణనుకున్న నాకు ఆ లోటు కనపడలేదు.

*

దీన్నిబట్టి పెద్దవాళ్ళే గొప్ప అని రాస్తే అది ఇంకో తప్పుడు ఫార్వర్డ్ అవుతుంది. మన జాతీయగీతాన్ని ప్రపంచంలోకెల్లా గొప్పదిగా యునెస్కో ప్రకటించిందన్న అబద్ధాన్ని నాన్న నాకు ఇప్పటికి నాలుగుసార్లు పంపాడు. అందులో సంస్థ పేరుంది, కబురు అచ్చు పేపరు భాషలో ఉంది. ఆయన ఏ గుర్తుల్ని నమ్మడం నేర్చుకున్నాడో, ఆ గుర్తుల్ని తొడుక్కుని వచ్చిన అబద్ధం ఆయన్ని సులువుగా దాటిపోతుంది. మా పిల్ల వీడియోని బోర్డులతో, పక్కవాళ్ళ వీడియోలతో సరిచూస్తుంది. కానీ తనకి నచ్చిన మనిషి కెమెరా ముందు కూర్చుని కన్నీళ్ళతో చెప్తే ఇంకేం చూడదు. నేను పుకార్ల గురించి చదివినవాణ్ణి. చదివాను కాబట్టి నేను పుకారు మోయనని నమ్మాను. తాతయ్యకి రేడియో, నాన్నకి అచ్చు, పిల్లకి మొహం, నాకు నా చదువు. ఎవరు దేన్ని నమ్ముకున్నామో అక్కడే దొరికిపోయాం.

మా ఇంట్లో ఇప్పుడు ఒక పద్ధతి ఏర్పడింది. ఎవరూ పెట్టింది కాదు. నాన్నకి కంటి ఆపరేషన్ అయ్యాక చిన్న అక్షరాలు కష్టమయ్యాయి. పొద్దున్న మా పిల్ల కాలేజీకి వెళ్ళేముందు మొదటి పేజీ పైకి చదువుతుంది. తెలుగు తడుముకుంటూ చదువుతుంది, ఆయన దిద్దుతాడు. దానికి బదులు ఆయన ఫోన్లో వచ్చినవన్నీ దానికి చూపించి "ఇది నిజమేనేమో చూడవే" అంటాడు. కొన్నిసార్లు అది "నిజమే తాతయ్యా" అంటే "ఎలా తెలుసు?" అని అడుగుతాడు. చెప్పలేకపోతే మళ్ళీ వెతుకుతుంది. కొట్టు మెట్ల మీద ఆడవాళ్ళు ఆయన్ని నిలదీసినట్టే ఉంటుంది చూడటానికి.

అత్త మణికట్టు పూర్తిగా తిరగదు. గిన్నె వంచాలంటే ఎడమచెయ్యి సాయం కావాలి. నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. కానీ నేను ఏ మెసేజి పంపినా, పండగ శుభాకాంక్షలైనా సరే, చూసిన ఐదు నిమిషాలకి ఫోను చేస్తుంది.

"ఇది నువ్వు రాసేవా నాన్నా, ఎవరో రాసిందా?" అని అడుగుతుంది. నేను చెప్పాక పెట్టేస్తుంది.